రాక్షసిబొగ్గు నుండి గాలిమరకు

మీట నొక్కగానే దీపం వెలుగుతుంది. కెటిల్‌లో నీళ్ళు కాగుతాయి. చలికాలంలో సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడే బ్రిటన్‌లో కరెంటు లేని ఇంటిని ఊహించుకోవడం కూడా కష్టమే. అయితే ఆ కరెంటు గోడలో పుట్టదు కదా! అది ఎక్కడ పుడుతుంది? ఎలా పుడుతుంది? దాని కోసం ఎవరు చెమటోడుస్తారు? ఎవరు నష్టపోతారు?

నూట నలభై ఏళ్ళకు పైగా బ్రిటన్ బొగ్గును మండించి కరెంటు పుట్టించింది. 2024వ సంవత్సరంలో ఆ పని మానివేసింది. ఇంత పెద్ద మార్పు రాజధానిలో చేసిన చట్టాల వల్ల మాత్రమే రాలేదు. దీవుల్లో ఉండేవారు, కొండలోయల్లో ఉండేవారు, రైతులు, కార్మికులు తమ తమ ప్రాంతాల్లో ముందుకు వచ్చి, "మాకు శుభ్రమైన శక్తి కావాలి, దానిలో మాకూ భాగం కావాలి" అని అడిగారు. కొన్నిచోట్ల తామే పూనుకొని చేసి చూపించారు. ఆ కథను ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇరుసు తిప్పేది ఎవరు?

మొదట కరెంటు పుట్టే విధానాన్ని చూద్దాం. రాగితీగ చుట్టల దగ్గర అయస్కాంతాన్ని గిరగిరా తిప్పితే ఆ తీగలో విద్యుత్తు ప్రవహిస్తుంది. ఈ సంగతిని 1831లో మైకేల్ ఫారడే అనే శాస్త్రజ్ఞుడు లండన్‌లో కనిపెట్టాడు. అంటే కరెంటు కావాలంటే ఒక ఇరుసును ఆగకుండా తిప్పాలి. దానిని ఎవరు తిప్పుతారన్నదే అసలు ప్రశ్న.

బొగ్గు విద్యుత్కేంద్రంలో బొగ్గును మండించి నీటిని ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి జోరుగా వచ్చి చక్రాన్ని తిప్పుతుంది. చక్రంతోపాటు ఇరుసు తిరుగుతుంది. గాలిమరలో బొగ్గు లేదు, మంట లేదు. గాలే రెక్కలను తోసి ఇరుసును తిప్పుతుంది. జలవిద్యుత్కేంద్రంలో ఆ పని పై నుండి పడే నీరు చేస్తుంది. సూర్యఫలకం దారి మాత్రం వేరు. దానిలో తిరిగేది ఏదీ లేదు. ఎండ తగలగానే సిలికాన్ పలకలో నేరుగా విద్యుత్తు పుడుతుంది.

ఫలితం ఒకటే, ఖర్చయ్యేది మాత్రం వేరు. గాలి ఈ రోజు వీచినా రేపు మళ్ళీ వీస్తుంది. బొగ్గు అలా కాదు. సుమారు 30 కోట్ల ఏళ్ళ క్రితం చిత్తడి నేలల్లో పెరిగిన చెట్లు బురదలో కూరుకుపోయి, పైనున్న మట్టి బరువుకూ లోపలి వేడికీ నల్లని రాయిలా మారాయి. అదే నేలబొగ్గు. మన పెద్దలు దీనిని రాక్షసిబొగ్గు అనేవారు. రాతినూనె, సహజవాయువు కూడా పూర్వపు జీవుల అవశేషాల నుండి పుట్టినవే. అందుకే ఈ మూడింటినీ శిలాజ ఇంధనాలు అంటారు. కోట్ల ఏళ్ళ పాటు భూమి దాచిన సొమ్మును మనం రెండు మూడు వందల ఏళ్ళలో ఖర్చు చేస్తున్నామన్నమాట.

బొగ్గు ఇచ్చినదీ, తీసుకొన్నదీ

బొగ్గును తిట్టిపోయడం సులభం. కాని అది చేసిన మేలు కూడా తక్కువేమీ కాదు. ఆవిరియంత్రాలు, రైళ్ళు, నూలుమిల్లులు, ఉక్కు కర్మాగారాలు అన్నీ దాని మీదే నడిచాయి. 1882లో లండన్‌లోని హోబోర్న్ వయాడక్ట్ దగ్గర ప్రజలకు కరెంటు సరఫరా చేసే బొగ్గు విద్యుత్కేంద్రం మొదలైంది. ప్రపంచంలో అటువంటిది అదే మొదటిది. 1913లో బ్రిటన్ గనుల నుండి దాదాపు 29 కోట్ల టన్నుల బొగ్గు తవ్వారు. ఆ రోజుల్లో పది లక్షల మందికి పైగా గని కార్మికులు ఉండేవారు.

ఈ వెలుగు ఊరికే రాలేదు. 1952 డిసెంబరులో లండన్ నగరాన్ని పొగమంచు ఐదు రోజులపాటు కమ్మివేసింది. ఇళ్ళలోనూ విద్యుత్కేంద్రాలలోనూ మండిన బొగ్గు పొగ ఆ మంచులో కలిసింది. పక్కనున్న మనిషి కూడా కనిపించలేదు. సుమారు నాలుగు వేల మంది మరణించారని అప్పట్లో లెక్క కట్టారు. తరువాతి పరిశోధకులు అంతకు చాలా ఎక్కువ మందే పోయారని తేల్చారు. ఆ దుర్ఘటన తరువాతనే 1956లో పరిశుభ్రమైన గాలి కోసం ఒక చట్టం వచ్చింది.

వేల్స్ దేశంలో అబర్‌వాన్ అనే ఊరు ఉంది. గని నుండి తీసిన పనికిరాని మట్టిని ఆ ఊరి పైనున్న కొండ మీద గుట్టలుగా పోశారు. 1966 అక్టోబరు 21వ తేదీ ఉదయం వాన నీటికి నానిన ఆ గుట్ట జారి, కింద ఉన్న పాఠశాల మీద పడింది. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది మీ వంటి పిల్లలే. గుట్ట ప్రమాదకరమని ఊరివారు అంతకుముందే చెప్పారు. వారి మాట ఎవరూ వినలేదు. ఒక ప్రాంతపు ప్రజల గొంతును పెడచెవిని పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ అక్కరలేదు.

ఇవి కంటికి కనిపించే నష్టాలు. కనిపించనిది మరొకటి ఉంది. బొగ్గు, చమురు, వాయువు మండినప్పుడు బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, వెలువడుతుంది. అది గాలిలో పేరుకుపోయి భూమికి దుప్పటి కప్పినట్లు వేడిని పట్టి ఉంచుతుంది. దుప్పటి మందమైన కొద్దీ ఉక్కపోత పెరుగుతుంది. మంచుకొండలు కరుగుతాయి. సముద్రమట్టం పెరుగుతుంది. వానలు అదను తప్పుతాయి. ఒక దేశంలో వేసిన పొయ్యికి మరొక దేశంలోని రైతు పొలం ఎండుతుంది. అందువల్లనే ఇది లోకానికంతటికీ చెందిన సమస్య అయింది.

మేము చేసి చూపిస్తాం

1973లో వేల్స్‌లోని మఖన్‌లెత్ అనే చిన్న పట్టణం దగ్గర పాడుపడిన పలకరాతి గని ఒకటి ఉండేది. కొందరు యువతీయువకులు అక్కడకు చేరి గాలి, నీరు, ఎండలతో జీవించవచ్చునా అని ప్రయోగాలు మొదలుపెట్టారు. అప్పట్లో చాలామంది వారిని వింతగా చూశారు. ఆ చోటే క్రమంగా ప్రత్యామ్నాయ సాంకేతిక కేంద్రంగా పేరు పొందింది. వేలాది విద్యార్థులు అక్కడికి వెళ్ళి గాలిమర ఎలా తిరుగుతుందో కళ్ళారా చూశారు.

ఇంగ్లండు నైరుతి మూలన కార్న్‌వాల్ ఉంది. అక్కడ డెలబోల్ అనే ఊరిలో పాడిపశువులు పెంచుకొనే ఒక రైతు కుటుంబం తమ పొలంలో పది గాలిమరలు పెట్టించింది. 1991లో అవి తిరగడం మొదలైంది. బ్రిటన్‌లో కరెంటు అమ్మడానికి నెలకొల్పిన మొదటి గాలిమరల క్షేత్రం అదే. గాలిమరల కింద ఆవులు ఎప్పటిలాగే మేత మేశాయి.

ఎగ్ దీవివారి తెలివి

స్కాట్‌లండు పడమటి తీరంలో ఎగ్ అనే చిన్న దీవి ఉంది. మీరు నవ్వుకోవద్దు, ఆ పేరు కోడిగుడ్డుకు ఇంగ్లీషులో చెప్పే మాటలాగే పలుకుతుంది! అక్కడ ఉండేవారు సుమారు వంద మంది. వారి దీవి చాలాకాలం భూస్వాముల చేతుల్లో ఉండేది. 1997లో దీవివాసులు విరాళాలు పోగుచేసి, తోటి సంస్థలతో కలిసి తమ దీవిని తామే కొనుక్కొన్నారు.

దేశమంతటికీ కరెంటు అందించే పెద్ద తీగలు ఆ దీవిదాకా రాలేదు. ఇంటింటికీ ఒక డీజిల్ యంత్రం ఉండేది. దాని రొద, వాసన, ఖర్చు అంతా ఇంతా కాదు. డీజిలును పడవ మీద తెచ్చుకోవాలి. రాత్రి యంత్రం ఆపితే ఇల్లంతా చీకటి. దీవివాసులు కూడి ఆలోచించారు. "మన దగ్గర వాన ఉంది, గాలి ఉంది, వేసవిలో పొద్దుపోయేదాకా వెలుతురు ఉంది. వీటిని ఎందుకు వాడుకోకూడదు?" అనుకొన్నారు.

వారు వాగుల మీద మూడు చిన్న జలవిద్యుత్ యంత్రాలు పెట్టారు. కొండ కింద నాలుగు గాలిమరలు నిలిపారు. సూర్యఫలకాలు పరిచారు. సుమారు 11 కిలోమీటర్ల మేర భూమిలో తీగ పాతారు. మిగిలిన కరెంటును దాచుకోవడానికి బ్యాటరీలు అమర్చారు. మరీ అవసరమైతే వాడడానికి రెండు డీజిల్ యంత్రాలు మాత్రం ఉంచుకొన్నారు. 2008 ఫిబ్రవరిలో ఆ దీవిలో మొదటిసారిగా రాత్రింబవళ్ళు కరెంటు వెలిగింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఉన్న కరెంటు అందరికీ సరిపోవాలి కదా! అందుకని ప్రతి ఇంటికీ ఒక హద్దు పెట్టుకొన్నారు. ఏ ఇంటివారైనా ఒక్క సమయంలో 5 కిలోవాట్లకు మించి వాడకూడదు. ఒక కెటిల్, ఒక బట్టలుతికే యంత్రం కలిపి నడుపుకోవచ్చు. దానితోపాటు ఇంకో పెద్ద యంత్రాన్ని కూడా నడపబోతే ఆ ఇంటికి కరెంటు ఆగిపోతుంది. వాగులు ఎండి, గాలి వీచని రోజుల్లో కొంచెం పొదుపుగా వాడండని అందరికీ కబురు చేస్తారు. వానలు బాగా కురిసి కరెంటు మిగిలిన రోజుల్లో దానిని ప్రార్థనామందిరం, ఊరి సమావేశమందిరం వంటి వాటిని వెచ్చబరచడానికి వాడుతారు. ఒకే చెరువు నీటిని వంతులవారీగా పొలాలకు పెట్టుకొనే మన పల్లెటూరి రైతుల పద్ధతి వంటిదే ఇది. శుభ్రమైన శక్తికి యంత్రాలు ఎంత ముఖ్యమో, పంచుకొనే బుద్ధి కూడా అంత ముఖ్యం.

గనుల లోయలో గాలి

ఇప్పుడు మళ్ళీ వేల్స్‌కు వెళదాం. అక్కడ అమాన్, తావె అనే రెండు నదుల లోయలు ఉన్నాయి. తరతరాలుగా ఆ లోయలవారు బొగ్గు తవ్వి బతికారు. గనులు మూతపడ్డాయి. పనులు పోయాయి. యువకులు ఊళ్ళు విడిచి వెళ్ళసాగారు. 1998లో స్థానికులు కొందరు 'అవెల్ అమాన్ తావె' అనే సంస్థను స్థాపించారు. వేల్స్ భాషలో 'అవెల్' అంటే పిల్లగాలి. తమ కొండ మీద తమ సొంత గాలిమరలు నిలపాలనీ, వాటి ఆదాయం తమ ఊళ్ళకే ఉపయోగపడాలనీ వారి కోరిక.

అది వెంటనే నెరవేరలేదు. ఊరిలోనే కొందరు ఒప్పుకోలేదు. "కొండ అందం చెడుతుంది" అన్నారు కొందరు. "చప్పుడు చేస్తుంది" అన్నారు ఇంకొందరు. అటువంటి మాటలన్నవారు శత్రువులు కారు. తమ ఊరి మీద ప్రేమతోనే వారూ మాట్లాడారు. సంస్థవారు ఇంటింటికీ వెళ్ళారు, సభలు పెట్టారు, అనుమతుల కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. చివరకు 2017 జనవరి నాటికి రెండు గాలిమరలు కరెంటు ఇవ్వసాగాయి. వాటి శక్తి మొత్తం 4.7 మెగావాట్లు. మొదటి ఆలోచనకూ చివరి పనికీ మధ్య సుమారు పద్దెనిమిది ఏళ్ళు గడిచాయి! సంస్థ పుట్టిన ఏడు పుట్టిన బిడ్డ ఈలోగా బడి చదువు ముగించి ఉంటుంది.

ఆ సంస్థవారే 'ఎగ్ని' అనే మరొక సహకార సంఘాన్ని ప్రారంభించారు. వినడానికి మన 'అగ్ని'లా ఉన్నా, వేల్స్ భాషలో ఈ మాటకు శక్తి అని అర్థం. ఈ సంఘం వేల్స్‌లోని అనేక పాఠశాలల కప్పుల మీద సూర్యఫలకాలు అమర్చింది. బొగ్గుగుట్ట కూలి బడి కప్పబడిపోయిన దేశంలో, బడి కప్పు మీదనే కరెంటు పుడుతున్నదంటే ఆ మార్పు ఎంతటిదో మీరే ఆలోచించండి.

పనివారి మాట ఏమిటి?

ఇంతవరకు చదివి, "అయితే గనులన్నీ ఒక్కసారిగా మూసివేస్తే సరిపోతుంది కదా!" అని మీరు అనవచ్చు. తొందరపడకండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది.

1984 మార్చిలో సుమారు ఇరవై గనులు మూసివేస్తామని ప్రకటన వచ్చింది. అది గాలి శుభ్రం కోసం చేసిన పని కాదు. లాభం రావడం లేదని చేసింది. దాదాపు ఇరవై వేల మందికి పని పోతుందని తేలింది. గని కార్మికులు సమ్మె కట్టారు. ఆ సమ్మె ఒక ఏడాది సాగింది. గనులున్న ఊళ్ళలో ఆడవారు కలిసి వంటశాలలు నడిపి సమ్మెలో ఉన్న కుటుంబాలకు అన్నం పెట్టారు. 1985 మార్చిలో కార్మికులు ఓడి పనికి మరలారు. తరువాత గనులు ఒకటొకటిగా మూతపడ్డాయి. వాటి స్థానంలో తగిన పనులు రాలేదు. ఊళ్ళకు ఊళ్ళే కుంగిపోయాయి. ఆ గాయం ఎంతో కాలం మానలేదు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన సామెత. చీకటి పడ్డాక వెదుకులాడితే ఏదీ దొరకదు. గనులు నడుస్తున్నప్పుడే కొత్త పనులు చూపించి ఉంటే ఆ ఊళ్ళ కథ మరో విధంగా ఉండేది.

రెండవ ఉదాహరణ చూడండి. 2012లో కూడా బ్రిటన్ కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గు నుండే వచ్చేది. బొగ్గు విద్యుత్కేంద్రాలను దశలవారీగా మూసివేస్తామని ప్రభుత్వం 2015లోనే ముందుగా చెప్పింది. చివరికి మిగిలింది నాటింగ్‌హామ్‌షైర్‌లోని రాట్‌క్లిఫ్-ఆన్-సోర్ కేంద్రం. దాని ఎనిమిది పెద్ద గోపురాలు దారిన పోయేవారికి ఎంతో దూరం నుంచే కనిపించేవి. 2024 సెప్టెంబరు 30న అది ఆగిపోయింది. గడువు ముందే తెలిసినందువల్ల యాజమాన్యం, కార్మిక సంఘాలు కూర్చుని మాట్లాడుకోవడానికి వ్యవధి దొరికింది. కేంద్రం ఆగిన తరువాత కూడా యంత్రాలను విప్పే పనిలో కొందరు కొనసాగారు.

మరొక మేలైన సంగతి హల్ రేవు పట్టణానిది. ఒకప్పుడు అక్కడి నుండి చేపల పడవలు దూరసముద్రాలకు వెళ్ళేవి. ఆ వృత్తి క్షీణించి పట్టణం వెలవెలబోయింది. 2016లో అక్కడ గాలిమరల రెక్కలు తయారుచేసే కర్మాగారం వెలిసింది. ఒక్కొక్క రెక్క పొడవు 75 మీటర్లకు పైనే ఉంటుంది. మన తాటిచెట్లు మూడింటిని ఒకదానిపై ఒకటి నిలిపినంత! ఉత్తరసముద్రంలో తిరిగే గాలిమరలకు ఆ రెక్కలు వెళ్ళాయి. 2024లో బ్రిటన్ కరెంటులో దాదాపు 30 శాతం గాలి నుండే వచ్చింది.

అన్నిచోట్లా ఇలా జరగడం లేదు. స్కాట్‌లండులోని గ్రేంజ్‌మౌత్ చమురుశుద్ధి కర్మాగారం 2025 ఏప్రిల్‌లో ముడిచమురు శుద్ధి చేయడం ఆపివేసింది. నాలుగు వందలకు పైగా ఉద్యోగాలకు ముప్పు వచ్చింది. కొత్త పనులు సిద్ధం కాకముందే పాతవి పోయాయని కార్మిక సంఘాలు వాపోయాయి. శుభ్రమైన శక్తికి మారేటప్పుడు పనివారికి అన్యాయం జరగకూడదనే నియమాన్ని 'న్యాయమైన మార్పు' అంటారు. దీనిపై సలహాలు ఇవ్వడానికి స్కాట్‌లండులో ఒక ప్రత్యేక సంఘం 2019లో పని మొదలుపెట్టింది. సలహా ఇవ్వడం ఒక ఎత్తు, దానిని పాటించడం మరొక ఎత్తు. పాటించేటట్లు చూడవలసింది ప్రజలే.

మన సింగరేణి

ఈ కథ తెలుగువారికి పరాయిది కాదు. 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. అదే సింగరేణి. కొత్తగూడెం, రామగుండం, మందమర్రి వంటి పట్టణాలు ఆ గనుల చుట్టూ పెరిగాయి. వేలాది కుటుంబాలు నేటికీ ఆ బొగ్గు మీదే ఆధారపడి ఉన్నాయి. మీ బంధువులలో ఎవరైనా ఆ ప్రాంతంవారు ఉంటే, గనిలోకి దిగే మనిషి ఇల్లు చేరేదాకా ఇంట్లోవారు ఎలా ఎదురుచూస్తారో అడిగి తెలుసుకోండి.

అక్కడా మార్పు మొదలైంది. రామగుండం బొగ్గు విద్యుత్కేంద్రం వారి జలాశయం మీద, నీటిపై తేలే సూర్యఫలకాలను పరిచారు. 100 మెగావాట్ల ఆ కేంద్రం 2022లో పూర్తిగా పనిలోకి వచ్చింది. ఒకే చోట ఒక పక్క బొగ్గు పొగ, మరొక పక్క నీటి మీద మెరిసే ఫలకాలు! పాతది పోలేదు, కొత్తది వచ్చింది. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. గని పనివారి పిల్లలకు రేపు ఏ పని ఉంటుందో ఇప్పుడే ఆలోచించవలసిన సమయం అది. వేల్స్ లోయలు పడిన బాధ సింగరేణి పడకూడదు. ఎగ్ దీవివారు, అమాన్ లోయవారు చూపిన ఓర్పు, ఐకమత్యం మనకు కూడా పనికివస్తాయి.

మీరు చేయగలది ఏమిటి? పిల్లలం మనమేం చేయగలం అనుకోకండి. మీ బడికి వచ్చే కరెంటు ఎక్కడిదో, బడి కప్పు మీద సూర్యఫలకాలు ఉన్నాయో లేవో మీ ఉపాధ్యాయులను అడగండి. లేకపోతే ఎందుకు లేవో అడగండి. మీ ప్రాంతపు కౌన్సిల్ సభ్యునికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. గాలిమర వద్దనే వారి మాట కూడా శ్రద్ధగా వినండి. అవసరం లేని దీపం ఆర్పండి. ఏ పెద్ద మార్పు అయినా ఎక్కడో ఒక ఊరిలో ఎవరో ఒకరు అడిగిన చిన్న ప్రశ్నతోనే మొదలైంది.

ఆలోచించి చెప్పండి

1. బొగ్గు విద్యుత్కేంద్రానికీ గాలిమరకూ ఉన్న పోలిక ఏమిటి? తేడా ఏమిటి?
2. ఎగ్ దీవివారు ప్రతి ఇంటికీ హద్దు ఎందుకు పెట్టుకొన్నారు? మీ ఇంట్లో అటువంటి హద్దు ఉంటే ఏయే వస్తువులను ఒకేసారి వాడరు?
3. అబర్‌వాన్ ఊరివారి మాట విని ఉంటే ఏమి జరిగి ఉండేది?
4. "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అనే సామెత ఈ పాఠానికి ఎలా సరిపోతుందో నాలుగు వాక్యాలలో రాయండి.
5. మీ ఊరి కొండ మీద గాలిమర పెడతామని ఎవరైనా వచ్చారనుకోండి. కావాలని ఒకరు, వద్దని ఒకరు తరగతిలో వాదించండి. చివర ఇద్దరూ ఒప్పుకొనే మాట ఏదైనా ఉందేమో వెదకండి.